పసుపు అంటని జంధ్యం

పోయిన వారం స్వరాజ్యాన్ని హాలు గుమ్మంలోనే నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఒక చెప్పు విప్పి, రెండోది కాలికే ఉంచుకుని ఇంకా అక్కడే ఉంది. ఎందుకు నిలబడిపోయిందో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

ఇరవై ఏళ్ల కిందట తాపీ నది సూరత్‌ను ముంచిన రాత్రి, కట్ట పక్క గల్లీలో ఉన్న మరమగ్గాల కార్ఖానాకు బయటి నుంచి తాళం వేసి ఉంది. రాత్రి పాళీలో అలా వేయడం ఆ కార్ఖానాలో మామూలే. లోపల ముగ్గురు మునిగి చనిపోయారు. తాళంచెవి ఉండాల్సింది ఆ కార్ఖానాలోనే పనిచేసే స్వరాజ్యం భర్త శ్యాంసుందర్ దగ్గర. ఆ రాత్రి తర్వాత అతను ఎవరికీ కనబడలేదు, శవమూ దొరకలేదు. చెవి పట్టుకుని పారిపోయాడని గల్లీ అంతా తేల్చేసింది. అప్పటికి స్వరాజ్యం పురిటికి సిరిసిల్లలో పుట్టింట్లో ఉంది. ఆ వారంలోనే పుట్టిన హారతి ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. గల్లీవాళ్లు నెలకోసారి చెప్పుకునే చరిత్ర ముచ్చట్లను పుస్తకం కోసం టైపు చేస్తోంది. 'తాళంచెవితో పారిపోయిన శ్యాంసుందర్' అన్న మాట తన వేళ్లతోనే కొట్టి, ఆ కాగితం తల్లి ముందు పెట్టి, ఉంచనా తీసెయ్యనా అని అడిగింది. ఆదివారం ముచ్చట అయ్యాక చెబుతానంది స్వరాజ్యం. తీరా ఆదివారం పొద్దున ముచ్చట జరిగే హాలుకు వస్తే, గుమ్మంలోంచే ఆమెకు బల్ల మీద ఒక అద్దాల పెట్టె కనబడింది. అందులో తాళంచెవి ఉంది. కింద అంటించిన చీటీ మీద ఆమె భర్త పేరు ఉంది.

"ఏందక్కా, ఆగినవ్?" వెనక నుంచి రాజు అడిగాడు.

రాజు ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. హజీరా కంపెనీ బస్సు నడుపుతాడు. వడోద్‌లో అక్క ఉండే గదికి రెండిళ్ల అవతల ఉంటాడు. హారతిని భుజాన వేసుకుని బడిలో దింపింది, జ్వరం వస్తే ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంది, దానికి సైకిలు నేర్పి మోకాళ్లు పగలగొట్టుకుంది అంతా ఇతనే. పిల్లకు పదేళ్లు వచ్చేదాకా తన పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. పొరుగువాళ్లు ఇలాంటి తమ్ముడు అందరికీ ఉండాలంటే, స్వరాజ్యం అవునని తల ఊపి, దిష్టి తగులుతుందేమోనని లోపలికి వచ్చి ఉప్పు తిప్పేది.

ఆమె వేలితో పెట్టెను చూపింది. రాజు చూశాడు. చూసి, జేబురుమాలు తీసి మెడంతా తుడుచుకున్నాడు. ఎండ మస్తుగున్నదన్నాడు. ఆగస్టు మబ్బు పట్టిన పూట అది, హాలులో ఫ్యాన్లు కూడా నెమ్మదిగానే తిరుగుతున్నాయి. స్వరాజ్యం అదేమీ గమనించలేదు. ఆమె అనుమానమంతా బల్ల పక్కన కుర్చీలో కూర్చున్న మనిషి మీదే ఉంది.

ఆ మనిషి రాజమౌళి, కుల సంఘం పెద్ద. చీటీ మీద ఇచ్చినవాళ్లు అన్నచోట ఉన్న పేరు ఈయనదే. కార్ఖానాలో పోయిన ముగ్గురిలో ఇద్దరు ఒడియా కుర్రాళ్లు, మూడోవాడు ఈయన పెద్ద కొడుకు శివకృష్ణ. పద్దెనిమిదేళ్లవాడు. అప్పటి నుంచి రాజమౌళి స్వరాజ్యంతో మాట్లాడలేదు. పెళ్లిళ్లలో ఆమె ఒక బంతిలో కూర్చుంటే ఆయన ఆకు వదిలేసి ఇంకో బంతికి పోతాడు. కొడుకు పోయిన మనిషి, ఆ మాత్రం కోపం ఉండదా అని ఆమె సర్దుకునేది. ఇప్పుడు మాత్రం సర్దుకోవడం చేతకాలేదు. చెవి పట్టుకుని పారిపోయాడని ఇరవై ఏళ్లు ఊదరగొట్టారే, మరి ఆ చెవి ఈయన ఇంట్లోకి ఎట్లా వచ్చింది? వచ్చినా ఇన్నేళ్లు ఎందుకు దాచాడు? ఇయ్యాలే ఎందుకు బయటపెట్టాడు?

ఇంకొకాయన మీదా ఆమెకు నమ్మకం లేదు. ఆయన జయదేవ్, బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. గోదావరి జిల్లా మనిషి. వరద తర్వాత మూడేళ్లకు బదిలీ మీద వచ్చి, సూరత్ గాలి పడిందో ఏమో, ఇక్కడే ఉండిపోయాడు. 'నది ఒడ్డు ముచ్చట్లు' ఆయన పెట్టిందే. ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక ముసలాయననో ముసలామెనో కూర్చోబెట్టి, మీ నాన్న ఏ రైల్లో వచ్చాడు, మొదటి మరమగ్గం సాంచా ఎవరిది, గుడికి స్తంభం ఎవరు ఎత్తారు అని అడిగి రాసుకుంటాడు. వరదను కళ్లతో చూడని మనిషికి వరద మీద ఇంత ఆరా ఏమిటని స్వరాజ్యానికి మొదటి నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. ఏదన్నా అడిగితే ఆయన నవ్వి, చరిత్ర అమ్మా, చరిత్ర అంటాడు. పారిపోయినవాడి పెళ్లాం అనిపించుకున్నవాళ్లకు ఆ మాట అంత కమ్మగా వినబడదు.

హారతి పొద్దున్నే వచ్చేసింది. బల్ల మీద పేర్చిన వస్తువులన్నిటికీ ఫోన్‌తో దగ్గరగా ఫొటోలు తీసింది. బురద మరకల రేషన్ కార్డు, పగిలిన రేడియో, తుప్పు పట్టిన మగ్గం నాడె, చివరగా అద్దాల పెట్టె మూత తెరిపించి తాళంచెవి. ఆ చీటీ తను రాయలేదని తల్లికి దూరం నుంచే సైగ చేసింది. తర్వాత ఫోన్‌ను స్టాండుకు తగిలించి రికార్డింగ్ పెట్టి, మైకు తీసుకెళ్లి బుచ్చవ్వ నోటి ముందు పెట్టింది.

బుచ్చవ్వకు ఎనభై దాటి ఎన్నేళ్లో ఆమెకే తెలియదు. కళ్లు మసకబారాయి కానీ నోటికి ఏ మసకా లేదు. వరదలో మూడు పగళ్లు మూడు రాత్రులు, కార్ఖానా ఎదుటి మిద్దె మీద పదకొండు మంది మగవాళ్లతో, పిల్లాజెల్లాతో ఇరుక్కుపోయిన ముచ్చట ఆమె చెప్పాలి. జయదేవ్ ముందుగా ఏదో ఉపోద్ఘాతం మొదలుపెట్టబోతే, నువ్వు జర కూసో సారూ, నాకు తొవ్వ తెలుసు అని ఆయన్ను కూర్చోబెట్టి మొదలుపెట్టింది.

మిద్దె అంచు దాకా వచ్చి ఆగిన నీళ్లు, కొట్టుకుపోతున్న బర్రె ఈ మిద్దె వైపే చూసిన చూపు, గిన్నె చాపి పట్టుకున్న వాన నీళ్లలో నానబెట్టిన అటుకులు, అన్నీ చెప్పింది. ఎదురుగా కార్ఖానా షట్టరు నీళ్లలో ఉందని చెప్పినప్పుడు మాత్రం గొంతు తగ్గించింది. మొదటి రాత్రే అంతా అయిపోయిందని, తెల్లారి మిద్దె మీద నుంచి పిలిస్తే లోపలి నుంచి పలుకు రాలేదని చెప్పి, రాజమౌళి ఉన్న వైపు చేతులు జోడించింది.  వెంటనే పున్నమి ముచ్చట ఎత్తుకుంది. ఆ ముచ్చట గల్లీలో పుట్టిన ప్రతి పిల్లకూ కంఠతా వచ్చినదే, అయినా ప్రతి ఏడూ వినాల్సిందే.

"మూడోనాడు నూలి పున్నమ. పొద్దుగాల లేసి సూస్తె మొగోళ్లంత మెడలు వంచుకొని కూసున్నరు. ఏమైందిరా అంటె, అవ్వా, ఇయ్యాల జంధ్యం మార్వాలె, గుడి నీళ్లల్ల ఉన్నది, నూలు లేదు అన్నరు. కడుపుల మెతుకు లేకున్నా ఏడ్వనోళ్లు జంధ్యం కోసం ఏడ్సిన్రు. సాలోళ్లం, మనం పోగు లేక ఆగుతమా అని నేనే లేసిన. పై అర్రల సేటు దారం కోన్లు దాసిండు. తీసి సూస్తె ఏముంది, పాలిస్టర్."

హాలంతా నవ్వింది. పద్మశాలీలు శ్రావణ పున్నమినాడు కొత్త నూలు జంధ్యం వేసుకోవడం ఎన్ని తరాల ఆచారమో, ఆ ఒక్క ఏడు దానికి పాలిస్టరే దిక్కయింది. పసుపులో ఎంత ముంచినా అంటలేదని, కడిగినట్టు తెల్లగానే ఉండిపోయిందని, మెడలు దురద పెట్టి మగవాళ్లంతా మంత్రం మధ్యలో గోక్కున్నారని బుచ్చవ్వ చేతులతో చేసి చూపింది. పెళ్లయినవాళ్లకు జోడు జంధ్యం, ఆరు పోగులు. విడివిడిగా పేనే ఓపిక లేక రెండింటినీ కలిపి ఒకేచోట ముడేసింది. అలాంటి జోళ్లు పది.

"పదకొండోది ఒంటిది. మూడు పోగులు. గా మిద్దె మీద పెండ్లిగానోడు ఒక్కడే ఉండె. మా స్వరాజ్యం తమ్ముడు, గీ రాజుగాడు."

అందరూ వెనక్కి తిరిగి రాజును చూసి మళ్లీ నవ్వారు. రాజు తల వంచుకుని తనూ నవ్వాడు. నీళ్లు దిగాక ఏం చేశారు అవ్వా అని జయదేవ్ అడిగాడు. ఏం చేస్తారు, వారం తిరగకుండానే గుడి కడిగి, అయ్యగారిని పిలిచి, అందరూ ఆ పాలిస్టరువి తీసి తాపీలో వదిలి నూలువి వేసుకున్నారంది. ఇంకొక్కరోజు ఉంటే మెడలు తెగిపోయేవంటూ ముగించింది.

ఆ నవ్వుల మీదే జయదేవ్ రాజమౌళిని పిలిచాడు. ఆయన లేచి, పెట్టె మూత తీసి, తాళంచెవిని దారంతో సహా పైకి ఎత్తి పట్టుకున్నాడు. అప్పుడు చూసింది స్వరాజ్యం, చెవికి దారం ఉన్న సంగతి. గుమ్మంలోంచి చూసినప్పుడు ఒట్టి చెవే అనుకుంది. మగవాళ్లు తాళంచెవిని జంధ్యానికి కట్టుకోవడం వాళ్లలో వింతేమీ కాదు. శ్యాంసుందర్ కూడా అలాగే కట్టుకునేవాడు. పనిలో ఒంగినప్పుడల్లా బనియన్ కింద చెవి ఊగేది.

నీళ్లు దిగిన పదో రోజున కట్ట మెట్ల దగ్గర బురద ఎత్తుతుంటే ఇనుప జాలీలో ఇది చిక్కుకుని దొరికిందని రాజమౌళి చెప్పాడు. ఆ మెట్లెక్కే శ్యాంసుందర్ పారిపోయాడని, పోతూ పోతూ తెంపి పడేశాడని అన్నాడు. ఎవరికీ చెప్పకుండా దేవుడి అర్రలో డబ్బాలో పెట్టాడట. ఎందుకు దాచాడో కూడా దాపరికం లేకుండా చెప్పాడు. ఏదో ఒకరోజు శ్యాంసుందర్ తిరిగి వస్తాడని, అప్పుడు దీన్ని అతని మొహాన కొట్టాలని దాచాడు. ఇప్పుడు షుగరు వచ్చింది, కాళ్లు వాచాయి, ఆ రోజు తను చూడకపోవచ్చు. కనీసం పుస్తకంలోనన్నా ఉండాలి కదా అన్నాడు. 

స్వరాజ్యం ఆయన మాటలు వింటూనే ఉంది. కానీ ఆమె కళ్లు దారం మీద ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా కార్ఖానాలో కండెలు చుట్టే మనిషి ఆమె. కండెలు చుట్టేవాళ్ల కళ్లు మొహాల కన్నా ముందు పోగుల మీదకు పోతాయి. బురదలో పదిరోజులు ఉన్న నూలు జంధ్యం ఇరవై ఏళ్ల తర్వాత ఎట్లా ఉండాలి? చీకిపోయి, నల్లబడి, పట్టుకుంటే పొడి రాలాలి. ఇది కిటికీ వెలుతురులో మెరుస్తోంది. పసుపు ఛాయ ఎక్కడా లేదు.

ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. బల్ల దగ్గరికి నడిచింది. 

"మామా, జర అది నాకియ్యి."

ఇరవై ఏళ్లకు మొదటిసారి ఆమె ఆయన్ను మామా అంది. రాజమౌళి ఆమె చేతికి ఇవ్వలేదు. బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. స్వరాజ్యం దారాన్ని రెండు వేళ్ల మధ్య నలిపింది. వేళ్లకు సందేహం లేదు, కానీ వేళ్ల మాట ఎవరు నమ్ముతారు? పక్కన ముచ్చట మొదట్లో వెలిగించిన దీపం ఉంది. నూలో కాదో తేల్చడానికి కార్ఖానాలో చేసే పని ఒక్కటే. ముడి దగ్గర తోకలా మిగిలిన కొసను ఆమె దీపం మీదికి వంచింది.

అప్పుడే రాజు ఆమె పక్కకు వచ్చి భుజం పట్టుకున్నాడు. సాలక్కా, గిదంత ఎందుకు, పా ఇంటికి పోదాం అన్నాడు మెల్లగా. పదిమందిలో అక్క అల్లరిపాలు అవుతుందని తమ్ముడు భయపడుతున్నాడనుకుంది ఆమె. ఆ స్థితిలో కూడా వాడి మీద ప్రేమ పొంగింది. చేత్తో నెమ్మదిగా పక్కకు జరిపింది.

నూలైతే కాలి బూడిదవుతుంది, కాగితం కాలిన వాసన వస్తుంది. ఈ కొస ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి పూసలా అయింది. ముందు వరసలో ఉన్న మగ్గాల పనివాళ్లకు ఆ వాసన చెప్పక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు.

"పాలిస్టర్," అంది స్వరాజ్యం.  "అవ్వ ఇప్పుడే సెప్పింది, మీరంత నవ్విన్రు. పున్నమ నాడు మిద్దె మీద పేనిన జంధ్యం ఇది. వారం తిరగక ముందే అందరు తాపీల ఏసిన్రు. గంతకు ముందు లేదు, గంతకు తర్వాత లేదు. మా ఆయన గా మిద్దె ఎక్కలేదు. పున్నమకు రెండు రాత్రుల ముందే మాయమైండు. మరి గీ చెవి ఎవ్వరి మెడల ఉండె?"

 జయదేవ్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, పెన్ను మూత తీయడం మరిచి కాగితం మీద గీశాడు. స్వరాజ్యానికి గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. ఇరవై ఏళ్లుగా ఆమె బొట్టు పెట్టుకుంటే ఒకరు, పెట్టుకోకపోతే ఒకరు మూతి తిప్పారు. బతికి ఉన్నాడని నమ్మితే దొంగ పెళ్లాం, చచ్చిపోయాడని నమ్మితే పుస్తెలు తెంపలేదేమని అడిగేవాళ్లు. తన మగడు ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలియదు. కానీ చెవి పట్టుకుని పారిపోయిన మనిషి మాత్రం కాదు. ఆ సంగతి హారతి ఫోన్‌లో రికార్డు అవుతోంది. ఆమెకు ఏడవాలనిపించింది, ఏడవలేదు.

రాజమౌళి మొహం పాలిపోయింది. ఆయన కూడా ఆ పదకొండు మందిలో ఒకడు. కొడుకు ఎదుటి కార్ఖానాలో చచ్చి పడి ఉన్నాడని తెలిసీ, మిద్దె మీద జంధ్యం మార్చుకున్న తండ్రి.

"నా మెడల ఉండెనంటవా? నా కొడుకున్న కార్ఖానా చెవి నేను మెడల ఏసుకొని కూసున్ననంటవా?"

"నేనట్ల అనలే మామా. మెట్ల కాడ దేవులాడుమని నీకెవ్వరు సెప్పిన్రు, అది జర సెప్పు."

 రాజమౌళి చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి పోయింది.

"నీ తమ్ముడే. బావ ఆ మెట్లెక్కి పోతుంటె సూసిన, పోంగ ఏదో ఇసిరిండు, జాలీ కాడ సూడుండ్రి అన్నడు. ఆని మాట పట్టే నేను పోయిన."

 తలలో మెదిలిన మాటను స్వరాజ్యం తోసేసింది. వాడు చిన్నవాడు అప్పుడు, పందొమ్మిదేళ్లు. రాత్రివేళ, నీళ్లు, గోల, ఎవరిని చూసి ఎవరనుకున్నాడో. తిరిగి చూస్తే రాజు పక్కన లేడు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అతని చేతిలో ఆమె చెప్పులు ఉన్నాయి. అక్క రాగానే వేసుకుని వెళ్లడానికి తీసి పట్టుకున్నట్టు ఉన్నాడు.

ఈలోపు బుచ్చవ్వ చేతికర్రతో నేలను కొట్టింది. మీరంతా ఎందుకు కొట్లాడుకుంటారు, నా ముడి నాకు తెలవదా, ఇటు తెండి అంది. జోడు అయితే పది మందిలో ఎవరిదో తేల్చాలి, ఒంటిది అయితే అడగనే అక్కర్లేదు అని కూడా అంది. పాలిస్టర్ నవ్వుల్లో కొట్టుకుపోయిన ఆ ఒంటి జంధ్యం సంగతి అప్పుడు గాని స్వరాజ్యానికి పూర్తిగా అర్థం కాలేదు. దారాన్ని బల్ల మీద నుంచి తీసుకుని అవ్వ వైపు నడిచింది.

బుచ్చవ్వ ముందు కూలబడి, రెండు చేతుల మధ్య దారాన్ని దాచి పట్టుకుంది. ముసలామె వేళ్లు చొరబడ్డాయి. ముడిని తడిమాయి, నాదే అన్నట్టు ఆమె తల ఊపింది. ముడి నుంచి కిందికి జారి పోగులు లెక్కపెట్టాయి. స్వరాజ్యం వేళ్లు కూడా ఆ వేళ్ల వెంటే నడిచాయి. ఒకటి. రెండు. మూడు. ఇంకేమైనా ఉందా అని ఇద్దరి వేళ్లూ ఇంకోసారి వెనక్కి వెళ్లి చూశాయి. ఇంకేమీ లేదు.

బుచ్చవ్వ వేళ్లు ఆగిపోయాయి. ఆమె మొహం ఎత్తింది. మసక కళ్లలో ఏముందో గానీ, స్వరాజ్యం మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"సెప్పాల్నా బిడ్డా?" అంది, మైకుకు అందనంత మెల్లగా.

పొద్దున్నే బండి తుడిచి, అక్కను వెనక కూర్చోబెట్టుకుని, గుంతలు చూసి నడుపుకుంటూ తీసుకొచ్చినవాడు గుమ్మం దగ్గర చెప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రతి రాఖీ పున్నమికీ చెయ్యి చాపేవాడు. అదే పున్నమి. ప్రతి ఏడూ ఆమె దారం కడుతుంటే వాడి కళ్లలో నీళ్లు తిరిగేవి. అక్క మీద ప్రేమ అనుకునేది. అది దేని తాలూకు నీళ్లో ఇప్పుడు అడగాలంటే ఆమెకు భయం వేసింది. చెవి వీడి దగ్గరికి ఎట్లా వచ్చింది? శ్యాంసుందర్ ఇచ్చాడా, వీడు లాక్కున్నాడా? ఇచ్చిన మనిషి ఏమయ్యాడు? తాళం ఎందుకు తీయలేదు?

"ఎన్ని పోగులు?" రాజమౌళి అడిగాడు. కోపంగా అడగలేదు. ఇరవై ఏళ్లుగా ఎవరి మొహాన కొట్టాలో తెలిసిన మనిషి, ఇప్పుడు ఎవరి మొహమో తెలియక అడిగినట్టు అడిగాడు. 

హాలులో అన్ని కళ్లూ ఆమె మీద ఉన్నాయి. నిజం కావాలని వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. మైకు ముందు, పదిమందిలో, పుస్తకంలో రాయించాలని వచ్చింది. ఆ నిజం ఇప్పుడు ఆమె గుప్పిట్లో మూడు పోగులుగా ఉంది.

స్వరాజ్యం గుప్పిట మూసేసింది.

"ఆరు," అంది.

బుచ్చవ్వ కాదనలేదు. మణికట్టు వదిలేసి, చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. ముందు వరసలో ఉన్న పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులు ఎలాంటివో స్వరాజ్యానికి బాగా తెలుసు. ఇరవై ఏళ్లు ఆమె ఒక్క ఇంటి మీద పడిన చూపులు, ఒక్క మాటతో పది ఇళ్ల మీదికి మళ్లాయి. వాటిలో రాజమౌళి ఇల్లూ ఒకటి. ఆయన నిలబడలేక కుర్చీ వెతుక్కున్నాడు. గుమ్మం దగ్గర రాజు గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. ఆ చప్పుడు అంత దూరం నుంచి ఆమెకు వినబడే వీలు లేదు, కానీ విన్నట్టే అనిపించింది.

ఆరు అని జయదేవ్ కాగితం మీద రాసుకున్నాడు.

హారతి ఫోన్‌ను స్టాండు నుంచి తీసింది. అమ్మ గెలిచిందని ఆ పిల్ల కళ్లు తడిశాయి, పెదాలు నవ్వుతున్నాయి. "ఏక్ మినిట్ సార్, పుస్తకంలో పెట్టడానికి దీని ఫొటో పొద్దుగాలనే తీసిన, మస్తు క్లియర్‌గ వచ్చింది," అంటూ జయదేవ్‌కు చూపించాలని బొమ్మను వేళ్లతో పెద్దది చేసింది. చెవి తెర నిండా వచ్చింది. తర్వాత ముడి వచ్చింది. ముడి కింద పోగులు విడివిడిగా, తెల్లగా, పసుపు మరక లేకుండా కనబడ్డాయి.

హారతి వేలు తెర మీద ఒక్కో పోగునే తాకుతూ పోయి, మూడోదాని దగ్గర ఆగింది. నవ్వు అలాగే ఉంది కానీ అందులో ఏదో తక్కువైంది. ఆ పిల్ల తలెత్తి తల్లిని చూసింది, గుమ్మం దగ్గర ఉన్న మేనమామను చూసింది.

తర్వాత మళ్లీ మొదటి పోగు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.